మమియా సిక్స్ మడత కెమెరా – నిర్మాణము, భేదములు

గంజాం జిల్లాలో ఋషికుల్యా నది బంగాళాఖాతమున కలియు చోటికి సమీపమున పొడంపేట యను మత్స్యకార గ్రామము కలదు. అచ్చటివారు తెలుగు మాటలాడు జాలరులు. ఒడియావారు వీరిని నోళియాలందురు. ఆ తీరము ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టు స్థలమని 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించినప్పటినుండి దానికి లోకప్రసిద్ధి కలిగినది. కాని ఆ యిసుకతీరమే క్రమముగా కోతకు గురియై, ఈ శతాబ్దపు తొలి దశాబ్దములలో పాత గ్రామమును సముద్రము ఆక్రమించినది. 2013 అక్టోబరు 12వ తేదీన గోపాలపురము చేరువను తీరము దాటిన ఫైలిన్ తుపాను ఈ తీరమంతటిని దెబ్బతీసినది. కుటుంబములు లోపలి నేలకు తరలిపోయినవి. పేరు నిలిచినది గాని, ఆ పేరుతో పిలువబడిన వీథులును, అరుగులును, వలలు ఆరబెట్టిన స్థలములును కానరావు.

ఇట్టి గ్రామముల పూర్వరూపము తెలియవలెనన్న వృద్ధుల మాటలును, పాత ఛాయాచిత్రములునే ఆధారములు. మాటలను వ్రాసికొనువారు కొందఱు గలరు. చిత్రముల విషయమున అట్టి శ్రద్ధ తక్కువ. పాత నెగటివు చేతికి వచ్చినప్పుడు అది యే యంత్రముతో, ఏ కాలమున తీయబడియుండునో యూహించుటకు ఆ యంత్రముల నిర్మాణము కొంత తెలిసియుండుట యవసరము. జపాను దేశమున పుట్టిన మడత కెమెరాలలో మమియా సిక్స్ అనునది విలక్షణమైనది. దాని చరిత్రమును, పనిచేయు రీతిని, భేదములను వివరించి, పిమ్మట పాత నెగటివులను పరీక్షించుటయం దా జ్ఞానము ఎట్లుపకరించునో తెలుపుట యీ వ్యాసమున కుద్దేశము.

120 ఫిల్మును చతురస్ర చిత్రమును

1901లో అమెరికాయందలి కోడాక్ సంస్థ 120 అను సంఖ్యతో ఒక చుట్టఫిల్మును ప్రవేశపెట్టెను. దాని వెడల్పు సుమారు 61 మిల్లీమీటరులు. ఫిల్ము వెనుక నల్లని కాగితము చుట్టబడియుండును. కావున పగటి వెలుతురులోనే దానిని కెమెరాలో ఎక్కింపవచ్చును. ఆ కాగితముపై అంకెలు అచ్చువేయబడియుండును. కెమెరా వెనుకనున్న చిన్న యెఱ్ఱని కిటికీలో ఆ యంకెలను చూచుచు ఫిల్మును త్రిప్పుదురు. ఒక చుట్టపై 6 × 9 సెంటీమీటరుల పరిమాణమున 8 చిత్రములును, 6 × 6 పరిమాణమున 12 చిత్రములును, 4.5 × 6 పరిమాణమున 16 చిత్రములును వచ్చును.

6 × 6 అని వ్యవహరించినను నిజముగా చిత్రము పడు భాగము ప్రక్కకు 56 మిల్లీమీటరులు మాత్రమే. అట్లయినను దాని వైశాల్యము 3,136 చదరపు మిల్లీమీటరులు. 35 మిల్లీమీటరుల ఫిల్ముపై పడు 24 × 36 చిత్రపు వైశాల్యము 864. అనగా మొదటిది రెండవదానికి మూడున్నర రెట్లకంటె ఎక్కువ. ఇందువలన రెండు లాభములు కలిగినవి. పెద్దదిగా ముద్రించినను చిత్రము చెదరదు. పెద్దది చేయు పరికరము లేకున్నను, నెగటివును కాగితముపై ఆనించి తీసిన ముద్రయే కంటికి చక్కగా కానవచ్చును. స్వల్పమైన ఖర్చుతో ముద్ర కావలసిన కుటుంబములకు ఈ రెండవ లాభమే ముఖ్యము.

మడత కెమెరా యనగానేమి?

పెద్ద ఫిల్మునకు పెద్ద పెట్టె కావలెను. లెన్సునకును ఫిల్మునకును నడుమ 75 మిల్లీమీటరులకు తక్కువ గాని యెడముండవలెను. ఆ యెడమును పనిలేనప్పుడు మాయము చేయు నుపాయమే మడత కెమెరా. లెన్సునకును పెట్టెకును మధ్య తోలుతోగాని గుడ్డతోగాని చేసిన తిత్తి యుండును. హార్మోనియపు తిత్తివలె అది మడతలు పడి ముడుచుకొనును. మీట నొక్కగనే ముందుతలుపు తెఱచుకొని, లోహపు చట్రములు లెన్సును ముందునకు తెచ్చి బిగించును. పని ముగిసిన పిమ్మట తలుపు మూసిన యెడల కెమెరా కోటుజేబులో పట్టునంత పలుచన యగును.

ఈ జాతి కెమెరాలకు జర్మనీ ప్రసిద్ధి కెక్కెను. 1926లో ఏర్పడిన జైస్ ఐకాన్ సంస్థ 1929లో ఐకాంటాలను, 1934 మొదలు సూపర్ ఐకాంటాలను తయారుచేసెను. వీనిలో దూరము సరిచేయుటకు లెన్సునందలి ముందుగాజును త్రిప్పుచుందురు. ఈ పద్ధతి సులభమైనదే. కాని ముందుగాజు కదలినప్పుడు గాజుల మధ్యనుండవలసిన యెడము మాఱును గనుక దగ్గఱి వస్తువులను తీయునప్పుడు స్పష్టత కొంత తగ్గును. లెన్సునంతయు కదలింతమన్నచో, మడతపడు చట్రముపై నిలిచిన భాగమును ఒక్క రవ్వయు వంగకుండ ముందువెనుకలకు జరుపుట కష్టము.

జన్మవృత్తాంతము

ఈ చిక్కును విడదీసినవాడు సెయిచి మమియా యను జపాను ఇంజనీరు. ఆయన సునెజిరో సుగవరా యను భాగస్వామితో కలిసి 1940లో టోకియోలో ఒక కర్మాగారమును స్థాపించెను. మమియా సిక్స్ ఆ సంస్థ మొదటి సృష్టి. పేరునందలి సిక్స్ శబ్దము 6 × 6 చిత్రమును సూచించును. 1937లో చైనాతో యుద్ధము మొదలైనది మొదలు జపానులోనికి విదేశీ కెమెరాల దిగుమతి కట్టుబాట్లకు లోనై యుండెను. జర్మను కెమెరాలకు అలవాటుపడిన కొనుగోలుదారులకు స్వదేశమున వానికి దీటైన వస్తువు కావలసియుండిన సమయమున మమియా సిక్స్ వెలువడెను.

ఫిల్మే కదలు పద్ధతి

సెయిచి మమియా లెన్సును కదలనీయలేదు. దానిని ముందు చట్రమున స్థిరముగా బిగించి, ఫిల్మునే ముందువెనుకలకు జరుపు నేర్పాటు చేసెను. కెమెరా వెనుకభాగమున పైన పండ్లుగల యొక చక్రముండును. కెమెరాను పట్టుకొన్న చేతి బొటనవ్రేలితో దానిని త్రిప్పగా ఫిల్ము నిలిచిన చట్రము కదలును. దానితోడనే దూరమాపకమును కదలును. కిటికీలో రెండుగా కానవచ్చు ప్రతిబింబము లొక్కటియైనప్పుడు దూరము సరిపడినదని గ్రహింపవలెను. దృశ్యమును చూచుటయు దూరమును సరిచేయుటయు ఒకే కిటికీలో జరుగును.

ఈ కదలిక యెంతయని లెక్కించి చూచిన యెడల ఆ పనిలోని సూక్ష్మత తెలియును. 75 మిల్లీమీటరుల నాభ్యంతరముగల లెన్సు అనంతదూరమునందలి వస్తువు ప్రతిబింబమును 75 మిల్లీమీటరుల యెడమున నిలుపును. వస్తువు 10 మీటరుల దూరమున నున్నచో ప్రతిబింబము 0.57 మిల్లీమీటరు వెనుకకు జరుగును. 5 మీటరులైనచో 1.14, 2 మీటరులైనచో 2.92, 1 మీటరైనచో 6.08. అనగా సముద్రమున దూరముగా నున్న పడవనుండి ఎదుట నిలిచిన మనిషి ముఖము వఱకు గల భేదమంతయు 6 మిల్లీమీటరుల చలనమున నిమిడియున్నది. లెన్సు ద్వారమును ఎఫ్ 3.5 వఱకు పూర్తిగా తెఱచినప్పుడు, ఫిల్ము సుమారు 0.2 మిల్లీమీటరు తప్పినను చిత్రము మసక కట్టును. కావున ఫిల్ము చట్రము సమముగా, ఒక మూల ముందు ఒక మూల వెనుక గాకుండ, కదలవలెను. ఈ నియమమును ఆ కాలపు యంత్రవిద్యతో నెఱవేర్చుటయే మమియా ఘనత. ఫిల్మును కదల్చి దూరమును సరిచేయు ఆలోచన 1996లో కాంటాక్స్ ఎ.ఎక్స్. అను 35 మిల్లీమీటరుల కెమెరాలో మోటారు సాయముతో మరల కానవచ్చెను.

ఈ యేర్పాటువలన ఒక చిక్కును కలదు. ఫిల్మును వెనుకనుండి యొత్తిపట్టు పలక పెక్కు నమూనాలలో కెమెరాకు అతుకబడియుండదు. ఫిల్ము ఎక్కించునప్పుడు దానిని బయటకు తీసి, పిమ్మట యథాస్థానమున దూర్పవలెను. ఆ పలక పోయినచో ఫిల్ము చదునుగా నిలువదు. కెమెరా చక్కగా నున్నను పనికిరాదు. పాత మమియా సిక్స్‌ను కొనువారు మొట్టమొదట వెనుకతలుపు తెఱచి చూడవలసినది ఆ పలకయే.

భేదములు

1940లో వెలువడిన మొదటి నమూనాకు పిమ్మట యుద్ధకాలమున 2, 3 సంఖ్యలతో స్వల్పభేదములు గల నమూనాలు వచ్చినవి. యుద్ధానంతరము 1947లో వచ్చిన 4వ నమూనా బహుళ ప్రచారము నొందెను. 1950ల నడిమి కాలమున 5, కె అను పేర్లు గలవియు, వాని ఉపభేదములును వెలువడినవి. 1955లో వచ్చిన ఆటోమాట్ నమూనాలో ఫిల్మును త్రిప్పగనే షట్టరు తానై సిద్ధమగును. అంతకు పూర్వము ఫిల్మును త్రిప్పుట ఒక పని, షట్టరును ఎక్కుపెట్టుట మఱియొక పని. 1958లో రెండవ ఆటోమాట్ వచ్చెను.

ఈ భేదములను మూడు అంశములనుబట్టి గుర్తింపవచ్చును. మొదటిది ఫిల్ము ఆగు విధము: కొన్నింటిలో ప్రతి చిత్రమునకును ఎఱ్ఱకిటికీలో అంకె చూడవలెను, కొన్నింటిలో మొదటి చిత్రము తరువాత యంత్రమే లెక్కించి ఆపును. రెండవది చిత్రపరిమాణము: కొన్ని 6 × 6 మాత్రమే తీయును, కొన్ని 4.5 × 6 కూడ తీయగలవు. మూడవది లెన్సు, షట్టరులు. యుద్ధానంతర నమూనాలలో జుయికో, సెకోర్ అను రెండు జాతుల లెన్సులు కానవచ్చును. జుయికో లెన్సులు తకచిహో సంస్థవి. ఆ సంస్థయే 1949లో ఒలింపస్ అను పేరు ధరించెను. సెకోర్ అనునది మమియాకు సంబంధించిన సెతగయా కోకి యను కర్మాగారపు పేరునుండి పుట్టినది. రెండింటికిని సాధారణముగా నాభ్యంతరము 75 మిల్లీమీటరులు, ద్వారము ఎఫ్ 3.5. షట్టరులలో కోపాల్, సైకోషా ముఖ్యములు. సైకోషా గడియారములు చేయు కర్మాగారము. గడియారపు పనివారి నైపుణ్యము ఇట్లు కెమెరాకును తోడ్పడినది.

సమకాలికములు

మమియా సిక్స్ ఒంటరిగా పుట్టలేదు. కొనిషిరోకు సంస్థ 1949 మొదలు పర్ల్ అను 4.5 × 6 మడత కెమెరాలను వెలువరించెను. 1951లో వచ్చిన రెండవ పర్ల్‌లో దూరమాపకము లెన్సుతో జతపడెను. 1955లో మూడవదియు, 1958లో నాలుగవదియు వచ్చినవి. 1934లో ఏర్పడిన ఫ్యూజీ సంస్థ తన మొదటి కెమెరాగా 1948లో ఫ్యూజికా సిక్స్‌ను, 1955లో సూపర్ ఫ్యూజికా సిక్స్‌ను తయారుచేసెను. ఇంతలో 35 మిల్లీమీటరుల కెమెరాలును, రెండు కన్నుల రిఫ్లెక్సు కెమెరాలును బలపడినవి. భారతదేశపు స్టూడియోలలో యాషికా రిఫ్లెక్సులు విశేషముగా వాడబడినవి. 1960 దాటునప్పటికి మడత కెమెరాల ప్రాభవము తగ్గెను. 1989లో మమియా సంస్థ మరల "6" అను పేరుతో ఒక కెమెరాను చేసెను. అది లెన్సులు మార్చదగినది. దాని లెన్సుపీఠము లోనికి ముడుచుకొనును గాని చట్రములపై మడుచుకొనునది కాదు. 2009లో ఫ్యూజీ జి.ఎఫ్. 670 అను పేరుతో నిజమైన మడత కెమెరా మరల వెలువడి, కొన్ని యేండ్లకు నిలిచిపోయెను.

సముద్రతీరమున సంరక్షణము

ఉప్పుగాలియు చెమ్మయు మడత కెమెరాకు శత్రువులు. తిత్తి మూలలయందు మడతలు చిట్లి సూదిమోపు రంధ్రములు పడును. చీకటిగదిలో తిత్తి లోపల చిన్న దీపమునుంచి బయటినుండి చూచినచో అవి చుక్కలవలె మెఱయును. ఆ రంధ్రముల వలన నెగటివుపై నల్లమచ్చలును, ముద్రలో తెల్లమచ్చలును ఏర్పడును. లెన్సులో బూజు పట్టుట మఱియొక కీడు. కెమెరాను తోలుసంచిలో మూసియుంచిన యెడల తోలు చెమ్మను పట్టి బూజును పెంచును. సిలికా జెల్ వేసిన మూతగట్టి డబ్బాలో నుంచి, అప్పుడప్పుడు గాలి వెలుతురులు తగులనిచ్చుట మేలు. తలుపును గట్టిగా మీటి విసురుగా తెఱువరాదు. తెఱచునప్పుడు తిత్తి లోపలి గాలి హఠాత్తుగా లాగబడి ఫిల్మును వంచును. నిదానముగా తెఱచి, ఆ తరువాతనే ఫిల్మును త్రిప్పుట అనుభవజ్ఞుల పద్ధతి.

పాత నెగటివులను పరీక్షించు రీతి

కెమెరా పోయినను నెగటివు దాని గుర్తులను మోయుచుండును. మొదట నెగటివును కొలువవలెను. 56 మిల్లీమీటరుల చతురస్రమైనచో అది 120 జాతి ఫిల్ముపై 6 × 6 కెమెరాతో తీసినది. పిమ్మట అంచులను చూడవలెను. చిత్రమునకు హద్దైన లోహపు చట్రములోని గంట్లు, మూలల గుండ్రతనము ఒక్కొక కెమెరాకు ఒక్కొక రీతిగా నుండును. ఒకే యంచురూపము గల నెగటివు లన్నియు ఒకే కెమెరావి కావచ్చును. చిత్రముల మధ్య యెడము సమముగా లేనిచో చేతితో త్రిప్పి అంకె చూచిన కెమెరా యని యూహింపవచ్చును. ఫిల్ము అంచున అచ్చైన తయారీదారు పేరు కాలనిర్ణయమునకు తోడ్పడును. 1960లో ఉదకమండలమున స్థాపింపబడిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ తన ఫిల్మును ఇందు అను పేరుతో అమ్మెను. ఆ పేరుగల ముక్క 1960కి పూర్వపుది కాజాలదు. ఆ సంస్థ పిమ్మట మూతపడినది.

ఇట్లు పరీక్షించిన నెగటివులను వ్రేళ్లతో మధ్యను తాకక, అంచులు పట్టుకొని, ఒక్కొక్కదానిని వేఱువేఱు కాగితపు తొడుగులందుంచి, తొడుగుపై ఊరి పేరును, ఏ యింటినుండి లభించినదో ఆ వివరమును, చిత్రములోని మనుష్యులను గుర్తించిన వృద్ధుల మాటలను తెలుగున వ్రాసియుంచవలెను. ప్లాస్టిక్కు సంచులందు చుట్టియుంచినచో చెమ్మకు ఒకదానికొకటి యంటుకొనును. అంటుకొనినవానిని లాగరాదు; నేర్పరులకు చూపవలెను. నేడు నెగటివులను యంత్రమున ప్రతి తీయు వసతి నగరములలో కలదు. ప్రతి తీసిన తరువాత కూడ మూలమును భద్రపఱుపవలెను. ఏలయన అంచులలోని గుర్తులు పెక్కు ప్రతులలో కత్తిరింపబడుచున్నవి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేఱుపడినది మొదలు గంజాము, బరంపురము ప్రాంతపు తెలుగువారు అల్పసంఖ్యాక భాషాసమూహముగా నున్నారు. గ్రామనామములు, పాటలు, పలుకుబళ్లు సేకరించుటయందు చూపు శ్రద్ధలో కొంతయైనను ఇనుపపెట్టెల యడుగున పడియున్న నెగటివులపై చూపుట యుచితము. పొడంపేట వంటి గ్రామములలో ఏ యింటికి ఎదుట ఏ చెట్టుండెనో, పడవలు ఏ వరుసను నిలిచెడివో చూపగల పత్రము 56 మిల్లీమీటరుల చతురస్రమే కావచ్చును. తరలిపోయిన కుటుంబముల పెద్దలు జీవించియుండగనే, తెలుగు బడులును సంఘములును కలిసి ఒక పట్టిక సిద్ధము చేసినచో, ఆ చిత్రములలోని ముఖములకు పేర్లు నిలుచును.