నీరు తీసిన వేళ కోరంగి

అడవి చూడాలంటే కాకినాడ జనం మారేడుమిల్లి ఘాట్ రోడ్డెక్కుతారు. లేదంటే పాపికొండలకు లాంచీ మాట్లాడుకుంటారు. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండల అడవి వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆ కొండలూ వాగులూ ఎంత చూసినా తనివి తీరదు. అయితే యానాం రోడ్డు మీద ఊరు దాటిన అరగంటకే మరో అడవి ఉంది. దానికి కొండ లేదు, జలపాతం లేదు. రోజుకు రెండుసార్లు సముద్రం లోపలికొచ్చి వెళ్తుంది.

అదే కోరంగి మడ అడవి. గౌతమీ గోదావరి పాయలు సముద్రంలో కలిసేచోట సుమారు 235 చదరపు కిలోమీటర్ల నేలను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. సుందరబన్స్ తర్వాత దేశంలో చెప్పుకోదగ్గ పెద్ద మడ అడవుల్లో ఇదొకటి.

ఇక్కడికి ఎప్పుడు రావాలన్నది గడియారం కంటే తిథి బాగా చెబుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బలంగా ఉంటుంది, నీరు తీసేటప్పుడూ అంతే దూరం వెనక్కి పోతుంది. అష్టమి దగ్గర్లో ఈ రాకపోకలు మందగిస్తాయి. పోటు వేళ రోజూ ముప్పావు గంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. నిండు పోటులో వచ్చినవారికి చెట్ల తలలూ నీళ్లూ తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. నీరు తీశాక వస్తే అసలు అడవి బయటపడుతుంది. పడవ షికారుకు మాత్రం నీరు కాస్త నిండుగా ఉండాలి. ఒక్క పూటలో రెండూ కుదరాలంటే వేళ చూసుకునే బయల్దేరాలి.

చెట్ల మధ్య నుంచి వేసిన చెక్కబాట మీద నడిచేవాళ్లలో చాలామంది తలెత్తి పిట్టల కోసం వెతుకుతారు. మొదట కిందికి చూడాలి. బురదలోంచి వేల సంఖ్యలో నిటారుగా పొడుచుకొచ్చినవి ఎండుపుల్లలు కావు, మడచెట్టు వేళ్లు. ఎప్పుడూ నీటిలో నానే ఈ బురదలో గాలి ఆడదు. అందుకే వేళ్లు పైకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. తెల్లమడ ఆకును ఎండపొద్దున వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, నాలుకకు ఉప్పగా ఉంటుంది: చెట్టు తాగిన ఉప్పునీటిలోంచి ఉప్పును ఆకుల మీదుగా వెళ్లగొడుతోందన్నమాట. ఉప్పుపొన్నది మరో పద్ధతి. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, జానెడు పైచిలుకు పొడవు ఎదిగాక గానీ కింద పడదు. పడ్డచోట బురద దొరికితే నాటుకుంటుంది, నీరుంటే తేలుతూ మరో ఒడ్డు వెతుక్కుంటుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం పోకూడదు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

అలాగే అయిదు నిమిషాలు కదలకుండా నిలబడితే బురద కదలడం మొదలవుతుంది. కన్నాల్లోంచి చిన్న పీతలు పైకొస్తాయి. మగపీతకు ఒక డెక్క ఒంటికి మించి పెద్దది. దాన్ని ఎత్తి దించి ఎత్తి దించి ఆడపీతను పిలుస్తుంది. పక్కనే వేలెడంత చేపలు రెక్కల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ పాకుతాయి, అడుగు చప్పుడైతే ఒక్క గెంతులో మాయం. పిల్లలతో వచ్చినవారికి ఇంతకంటే మంచి వినోదం ఈ జిల్లాలో మరోచోట దొరకదు.

బావురుపిల్లిని చూస్తామని వచ్చేవారికి మాత్రం ఆ భాగ్యం దక్కడం కష్టం. మామూలు పిల్లికి రెండింతలుండే ఈ జంతువు ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. పాయ ఒడ్డున కాచుకుని కూర్చుని పంజాతో చేపను లాగుతుంది, అవసరమైతే నీటిలోకి దూకుతుంది. వేళ్ల మధ్య కొంతవరకు పొర ఉంటుంది. దట్టమైన లోపలి బొచ్చు నీటిని చర్మం దాకా పోనివ్వదు. చిత్తడి నేలలు పోయేకొద్దీ ఇదీ తగ్గిపోతోంది. 2018 లెక్కింపులో కోరంగిలో 115 బావురుపిల్లులున్నట్టు తేలింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితో పాటు దీనికీ చోటుంది. పులికున్న పేరు దీనికి రాలేదు, అదే అన్యాయం. జంతువు కనిపించకపోయినా నీరు తీసిన ఒడ్డున దాని అడుగుజాడలు దొరకవచ్చు. ఆ పక్కనే నీటికుక్కల గుంపు తిని వదిలిన చేప పొలుసులూ కనిపించవచ్చు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పిట్టల కాలం. ఉత్తర దేశాల చలి తట్టుకోలేక వచ్చిన ఉల్లంకి పిట్టలు బురద మేటల మీద బారులు తీరి ముక్కులతో పొడుస్తుంటాయి. కొంగలు, లకుముకి పిట్టలు, గరుడ పక్షులు సరేసరి. పొద్దున్నే వెళ్తే ఎండా దోమలూ రెండూ తక్కువ.

ఈ అడవికి తూర్పున, సముద్రం వైపు, పొడవాటి ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టుకుపోగా ఏర్పడింది. కాకినాడ రేవుకు పెద్ద అలల నుంచి కాపు ఇదే. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ ఇసుకలోకొచ్చి ఒక్కోటి వంద దాకా గుడ్లు పెడతాయి. గాలి పీల్చే ప్రాణి కావడంతో తాబేలు ట్రాలర్ వలలో ఎక్కువసేపు చిక్కుకుంటే ఊపిరాడక చనిపోతుంది. వలలోంచి తాబేలు తప్పించుకునే పరికరం ఎప్పుడో వచ్చింది. దాన్ని ప్రతి ట్రాలర్‌లోనూ బిగించడమే మిగిలిన పని.

ఇదే కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, ఇక్కడి నుంచి బర్మాకు వలస పోయేవారు. అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను ఉప్పెనలు ఊరిని ముంచెత్తాయి. తర్వాత రేవు మునుపటి వైభవానికి రాలేదు. ఆ ఉప్పెన దెబ్బ తెలిసిన తీరంలో మడచెట్టు విలువ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వేళ్ల గుబురు అలల జోరును తగ్గిస్తుంది, ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతుంది, రొయ్యపిల్లకూ మండపీతకూ పెరిగే చోటిస్తుంది.

అయినా నరుకుడు ఆగలేదు. వంటచెరకుకు కొంత పోయింది, రొయ్యల చెరువులకు ఇంకొంత. కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేలను చదును చేసిన వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇల్లు కావాలి, నిజమే. ఆ ఇల్లు ఉప్పెనకు ఎదురుగా, అడ్డుగా ఉన్న చెట్లు తీసేసిన నేలలో కట్టడం ఆ పేదలకు మేలు కాదు.

పాడైనచోట తిరిగి పెంచిన అనుభవమూ ఇక్కడే ఉంది. అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ, పాయల ఒడ్డు పల్లెల సమితులు కలిసి, నీరు ఆడక ఉప్పు పేరుకుపోయిన బీళ్లలో ఒక పెద్ద కాలువా, దానికి రెండు పక్కలా చేపముల్లులా చిన్న కాలువలూ తవ్వారు. పోటు నీరు లోపలికొచ్చి వెళ్లడం మొదలయ్యాక మొక్కలు బతికాయి. ఆ పనిలో చెయ్యి వేసినవారి ఊళ్ల నుంచే పడవలకూ చెక్కబాటకూ గైడ్లను తీసుకోవాలి. ఏ పాయలో ఎప్పుడు నీరు తీస్తుందో, ఏ మలుపులో నీటికుక్కలు తిరుగుతాయో చెప్పగలిగింది వాళ్లే. టికెట్టు డబ్బులో కొంత ఆ పల్లెలకు చేరితే వంటచెరకు కోసం మడ కొమ్మ నరికే అవసరమూ తగ్గుతుంది.