సంతకం పెట్టే ముందు, అమ్మా

నేను గుంటూరు జిల్లాలో దస్తావేజులు రాస్తాను. ఈ పనిలో ఆడవాళ్లం తక్కువ. అందుకేనేమో, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకానికి వచ్చిన ఆడపడుచులు నా దగ్గర కాస్త మనసు విప్పుతారు. "అన్నయ్య రమ్మన్నాడండీ, ఏదో కాగితం మీద సంతకం కావాలట" అంటారు. ఆ కాగితంతో ఏం వదులుకుంటున్నారో చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లు కూడా తల వంచుకుని పెట్టేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. పోరాడి తెచ్చుకున్న హక్కు కోర్టుల్లో కంటే మా బల్లల మీదే ఎక్కువగా పోతోంది.

ఆ హక్కు ఊరికే రాలేదు. 1951లో అంబేడ్కర్ న్యాయశాఖ మంత్రి పదవి వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం హిందూ కోడ్ బిల్లు ఆగిపోవడం. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆ బిల్లు పక్షాన గట్టిగా నిలబడ్డారు. చివరికి 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వస్తుందని చెప్పింది. కానీ పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కును మాత్రం మగపిల్లలకే ఉంచింది.

అందులో ఎంత తేడా ఉందో చూడండి. తల్లి లేని ఇంట్లో తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు. తాతల నాటి పొలం 12 ఎకరాలు. తండ్రి పోయాడు. పాత లెక్కలో ముందు తండ్రికి ఆరు, కొడుకుకి ఆరు. తర్వాత తండ్రి ఆరులో పిల్లలకు చెరి మూడు. అంటే కొడుకుకి తొమ్మిది, కూతురికి మూడు. ఇప్పటి లెక్కలో ముగ్గురికీ నాలుగేసి, తండ్రి నాలుగులో చెరి రెండు. ఇద్దరికీ ఆరారు.

ఈ మార్పు ముందు మన దగ్గరే జరిగింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు వర్తించలేదు. 1984లో అత్తవారింటికి వెళ్లిన అక్కకు లేని వాటా, 1987లో వెళ్లిన చెల్లెలికి ఉంది! 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ అమల్లోకి వచ్చి, పెళ్లితో పని లేకుండా కూతుళ్లందరికీ హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న తగువు మిగిలిపోతే, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, అవసరం లేదని తేల్చేసింది. ఇదంతా హిందూ వారసత్వ చట్టం సంగతి; ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ నియమాలు వేరు.

ఇంత జరిగినా ఇళ్లలో వినిపించేది ఒక్కటే మాట. "కట్నం ఇచ్చి పంపాం కదా, ఇంకా వాటా ఏంటి?" కట్నం 1961 నుంచీ నేరం. అది వాటాకు బదులు కానే కాదు. ఇచ్చిన డబ్బు అత్తమామల చేతికి పోయింది, ఆమె పేరున సెంటు భూమి లేదు. మరి ఆమెకు ఏం ఇచ్చినట్టు?

అయినా సంతకం ఎందుకు పెడతారంటే, పుట్టిల్లు పోతుందన్న భయం. "రేపు నాకేదైనా అయితే ఆదుకునేది అన్నయ్యే కదండీ" అంటారు. అలా పెట్టిన ఒకావిడ, భర్త పోయాక పిల్లల్ని తీసుకుని వచ్చి ఆ సంతకం వెనక్కి తీసుకోవచ్చా అని అడిగింది. రిజిస్టరైన దస్తావేజును కొట్టేయడం నా చేతిలో లేదు. మోసమో బలవంతమో జరిగిందని కోర్టులో రుజువు చేయాలి. అది తెలిసిన మూడేళ్ల లోపు దావా వేయాలి. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. అడిగారు, పెట్టింది.

అప్పటి నుంచి దస్తావేజు మొత్తం, సర్వే నంబరు, విస్తీర్ణం, ఈనాటి ధరతో సహా, సంతకానికి వచ్చిన ఆడపడుచు ముందే పైకి చదువుతున్నాను. కొందరు అన్నదమ్ములు కోపగించుకుని కాగితాలు తీసుకుని వేరే చోటికి వెళ్లిపోయారు. విని, "అంతుందా చెల్లీ, సరే, పంచుకుందాం" అన్నవాళ్లూ ఉన్నారు. తెలిసి, ఇష్టపడి ఇచ్చేస్తానంటే నేను అడ్డుపడను.

"ఎప్పుడో పంచేసుకున్నాం" అని అన్నదమ్ములు అంటే కాగితం చూపించమనండి. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకం చెల్లుతుంది. నోటి మాట పంపకాన్ని కోర్టు మామూలుగా ఒప్పుకోదు. పొలం ఎవరి పేరున ఎలా మారిందో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే తెలుస్తుంది. నాన్న వీలునామా రాశారేమో కూడా అడగండి, ఎందుకంటే తన స్వార్జితాన్ని ఆయన ఎవరికైనా రాయవచ్చు. సంతకం ఆ రోజే పెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. ముసాయిదా ఇంటికి తీసుకెళ్లి, నమ్మకమైన లాయరుతో చదివించుకుని, వారం తర్వాత రండి. రాకపోయినా ఫరవాలేదు.