టవర్ పడిపోతే కబురు ఎలా చేరుతుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. చేతిలో ఫోన్ ఉన్నా పక్క వీధిలోని బంధువుల క్షేమం తెలుసుకోలేక జనం అల్లాడిపోయారు. ఎందుకంటే పక్కింటికి చేసే కాల్ కూడా టవర్ ద్వారానే వెళ్ళాలి.

టవర్ లేకుండా ఫోన్లే ఒకదాని కబురు మరొకటి మోసుకెళ్ళే ఏర్పాటును 'మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్క్' అంటారు. అయితే ఫోన్లు మనుషులతోపాటు కదులుతుంటాయి కాబట్టి ఇప్పుడున్న దారి కాసేపటికి ఉండదు. అందుకే అవసరమైనప్పుడే దారి వెతికే 'ఏఓడీవీ' అనే పద్ధతిని 1999లో చార్లెస్ పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్ వివరించారు. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2003లో దీన్ని ప్రయోగాత్మక పత్రంగా ప్రచురించింది.

ఇది అర్థం కావాలంటే మన స్టడీ అవర్ చాలు. ఒక విద్యార్థికి లాగరిథమ్ టేబుల్స్ కావాలి. పక్కవాడిని అడిగాడు. అతను తన పక్కవాడిని అడిగాడు. ప్రతివాడూ తనను ఎవరు అడిగారో గుర్తుంచుకున్నాడు. అదే ప్రశ్న మళ్ళీ వస్తే వదిలేశాడు, లేకపోతే హాలంతా గోలే! చివరి వరుసలో ఒకడు "నా దగ్గరుంది" అన్నాడు. ఆ జవాబు ప్రశ్న వచ్చిన దారినే వెనక్కి చేరింది. మధ్యలో ఒకడు లేచి వెళ్ళిపోతే, దారి తెగిందని పక్కవాడు కబురు పెడతాడు. అప్పుడు మళ్ళీ వెతకాలి. ఫోన్లు చేసేదీ ఇదే.

ఇక్కడొక విషయం గమనించండి. ఆ విద్యార్థి అడిగింది ఫలానా మనిషిని కాదు, ఫలానా వస్తువును. నెట్‌వర్క్‌లోనూ అంతే. "ఇంటర్నెట్ అందుతున్న ఫోన్ ఏది?", "డాక్టరు దగ్గరున్న ఫోన్ ఏది?" అని అడగడాన్ని 'సర్వీస్ డిస్కవరీ' అంటారు. దారి అడిగే ప్రశ్నలోనే దీన్నీ కలిపితే, సేవ ఎక్కడుందో, అక్కడికి దారేదో ఒక్క జవాబుతోనే తెలుస్తాయి. రెండుసార్లు అందరినీ అడగక్కర్లేదు. బ్యాటరీ మిగులుతుంది. కరెంటు లేని రోజున అదే పెద్ద ఆస్తి.

మన మామూలు ఫోన్లు వాటంతటవే ఇలా ఇతరుల కబుర్లు మోయవు, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి. వై-ఫై సిగ్నల్ కూడా ఎక్కువ దూరం పోదు. అన్నిటికన్నా ముఖ్యం, "నా బ్యాటరీ నాకే" అని అందరూ అనుకుంటే ఎవరి కబురూ ఎవరికీ చేరదు.

కంప్యూటర్స్ చదువుతున్న తమ్ముళ్ళు దీన్ని ప్రాజెక్టుగా తీసుకోవాలని కోరుతున్నాను. తుఫాను మళ్ళీ రాకమానదు. అప్పటికి మనం సిద్ధంగా ఉండాలి.