గర్భిణుల్లో షుగర్: లక్షణాలు కనిపించవు, పరీక్ష తప్పనిసరి

మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు, నాకెందుకు వస్తుందిలే అని చాలామంది గర్భిణులు అనుకుంటారు. కానీ కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. ఆ లోటును శరీరం పూడ్చుకోలేకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఇదే గర్భధారణ మధుమేహం. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు.

ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం మొదటి చెకప్‌లో ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి పరీక్ష చేయించాలి. 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, 2 గంటల తర్వాత రక్తం తీస్తారు. పరగడుపున రావాల్సిన పని లేదు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే. చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ వాళ్లకు కింగ్ కోఠి ప్రభుత్వ ఆస్పత్రి దగ్గరే.

పట్టించుకోకపోతే బిడ్డ మరీ బరువు పెరిగి కాన్పు కష్టం కావచ్చు. పుట్టగానే బిడ్డకు చక్కెర పడిపోవచ్చు.

అలాగని తిండి మానకూడదు. అన్నం, రోటీ కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూరలు పెంచాలి. చాయ్‌లో చక్కెర, షీర్ ఖుర్మా, డబుల్ కా మీఠా పక్కన పెట్టాలి. భోజనం తర్వాత కాసేపు నడవాలి. అయినా తగ్గకపోతే డాక్టర్లు ఇన్సులిన్ ఇస్తారు. దానివల్ల బిడ్డకు హాని ఉండదు, భయపడొద్దు. రంజాన్‌లో రోజా ఉండాలనుకుంటే ముందు డాక్టర్‌ను అడగండి. తల్లికో బిడ్డకో ప్రమాదమైతే రోజాను తర్వాతకు వాయిదా వేసుకునే వెసులుబాటు ఇస్లాంలో ఉంది.

కాన్పు తర్వాత షుగర్ సాధారణంగా తగ్గిపోతుంది. కానీ ఈ తల్లులకు ముందు ముందు టైప్ 2 షుగర్ ముప్పు ఎక్కువ. 6 వారాలకు పాపాయికి టీకా వేయించడానికి ఎలాగూ వెళ్తారు. అదే రోజు అమ్మకూ షుగర్ పరీక్ష చేయించండి.