చక్రాల ఇంట వేణ్ణీళ్లు

అమెరికా దేశమున వేసవి సెలవులు వచ్చుటయే తడవుగా, ఒక చిన్న ఇంటినే బండి వెనుక తగిలించుకొని ఎల్లోస్టోన్ అడవులకో గ్రాండ్ కాన్యన్ అంచులకో బయలుదేరు కుటుంబములు అసంఖ్యాకములు. అచట స్థిరపడిన మన తెలుగువారిలోను ఆర్‌వీలనబడు ఈ చక్రాల ఇండ్లను అద్దెకు తీసికొని తిరుగువారు కలరు. పడక, వంటిల్లు, స్నానపుగది అన్నియు అమరిన ఆ ట్రైలరులో, కొండగాలి కొరుకు తెల్లవారుజామున ఒంటిపై వేణ్ణీళ్లు పడవలెనన్నచో, వెలుపలి గోడలో చిన్న రేకు తలుపు వెనుక ఒదిగియున్న గీజరే శరణ్యము.

ఈ గీజరులలో నీటిని నిలువ ఉంచి కాచునవి కొన్ని, పారుచుండగనే కాచునవి కొన్ని. మొదటి తెగలో చిరకాలముగా పేరుపడినవి సబర్బన్, అట్‌వుడ్ అనునవి. వీనిలో రెండవది ఇప్పుడు డొమెటిక్ వారి చేతికి వచ్చినది. చిన్న ట్యాంకులో 6 గ్యాలనులు, అనగా సుమారు 23 లీటర్లు పట్టును. గ్యాసుతోను కరెంటుతోను పనిచేయు రకమే కొనదగినది; ఏలయన 1440 వాట్ల కరెంటుతో ఆ నీరు 15 డిగ్రీల నుండి 55 డిగ్రీలకు చేరుటకు సుమారు ముప్పావుగంట పట్టగా, గంటకు 12,000 బీటీయూల (బీటీయూ అనగా వేడిమి కొలత) గ్యాసు మంట ఆ పనిని అరగంటలోపుననే ముగించును. కరెంటు దొరకు విడిదిలో కరెంటును, అడవిలో గ్యాసును, తొందరగా ఉన్నప్పుడు రెంటిని కలిపియు వాడుకొందురు.

ట్యాంకు ఆయువు లోహమును బట్టి యుండును. సబర్బన్ ట్యాంకు పింగాణీ పూత గల ఉక్కుది; అందులో నిలువునా దూర్చిన మెగ్నీషియము కడ్డీకి, ఉక్కును పట్టవలసిన తుప్పును తనపై వేసికొని క్రమముగా కరగిపోవుటయే ధర్మము. ఏడాదికొకసారి నీరు చల్లారనిచ్చి, లోపలి ఒత్తిడి వదలించి, మర విప్పి చూచినచో, ఒకప్పుడు నున్నగా నున్న ఆ కడ్డీ గుంటలుపడి, తెల్లని పొలుసులు రాల్చుచు, ఒక్కొక్కచోట నడిమి తీగ మాత్రమే మిగిలి కనబడును. నాల్గింట మూడు వంతులు అరిగినచో దానిని మార్చవలసినదే. అట్‌వుడ్ ట్యాంకు అల్యూమినియముది, తేలికైనది, కడ్డీ అక్కరలేనిది; ఏటేటా మర విప్పు ఓపిక లేనివారికి ఇదియే నయమని నా యభిప్రాయము.

ఇక పారుచుండగా కాచునవి. జిరార్డ్ వారిది 42,000 బీటీయూలతో, జర్మనీ సంస్థయైన ట్రూమా వారి ఆక్వాగో 60,000 బీటీయూలతో మండును. అంతులేని వేడినీరు లభించునని వీనిని గూర్చి చెప్పుదురు. అది అబద్ధము కాదు గాని, అంతులేని నీరు ఉన్నచోట మాత్రమే నిజము. నిమిషమునకు 6 లీటర్ల చొప్పున పది నిమిషములు షవరు క్రింద నిలిచినవాడు 60 లీటర్లు ఖర్చుచేయును; 150 లీటర్ల మంచినీరు మోయు ట్రైలరు ఇద్దరు మనుష్యులకే దాదాపు ఖాళీయగును, మురికినీటి ట్యాంకు అంతకు ముందే నిండినను నిండును. అందుచేత అడవిలో విడిసినవారు ఒళ్లు తడుపుకొని, కొళాయి కట్టి, సబ్బు రాచుకొని, మరల విప్పుదురు. కొళాయి కట్టగనే ఈ గీజరులో మంట ఆరును. విప్పినప్పుడు అది మరల రగులుకొనులోపల చన్నీళ్లు ఒక్కసారి వీపున పడును! నురుగుతో నిలిచినవానికి ఆ క్షణమున బీటీయూల మహిమ రుచింపదు. ట్రూమా వారు లోన చిన్న పాత్రలో కొంత నీటిని వెచ్చగా ఉంచు ఏర్పాటుతో ఈ బాధను చాలవరకు తొలగించిరి. వెలయు అందుకు తగినట్లే ఉండును.

కొళాయి గొట్టము తగిలించుకొను విడిదిలోనే ఎల్లప్పుడు మకాము వేయువారికి, ఇంటినిండ జనమున్నవారికి పారు గీజరు సుఖము. తక్కినవారికి గ్యాసు, కరెంటు రెండును గల 6 గ్యాలనుల పాత ట్యాంకే చాలును. ఒక్క మాట మాత్రము మరువరాదు: ట్యాంకు ఖాళీగా ఉండగా కరెంటు మీట నొక్కినచో లోపలి కాయిలు కొద్ది సేపటిలోనే కాలిపోవును. కావున ముందుగా వేడినీటి కొళాయి విప్పి, గాలి చప్పుడు ఆగి నీరు ధారగా వచ్చిన పిమ్మటనే మీట నొక్కుడు.