పరిశోధకుని డిజిటల్ గ్రంథాలయం: నిర్మాణం, సూచీకరణ, భద్రత - కృష్ణా డెల్టా నేపథ్యం

వ్యాస సంగ్రహం

తెలుగు పరిశోధకులలో చాలామంది ఆధార గ్రంథాలను నేడు డిజిటల్ ప్రతుల రూపంలో సొంత కంప్యూటర్లలో సేకరించుకుంటున్నారు. ఈ సేకరణ గ్రంథాలయంగా నిలవాలంటే రెండు నియమాలు అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మొదటిది, ప్రతి డిజిటల్ ప్రతికీ దాని ముద్రణ వివరం, మూలం జతగా ఉండాలి. రెండవది, భద్రపరచిన ప్రతులన్నీ ఒకే ప్రమాదానికి గురయ్యే స్థితిలో ఉండకూడదు. కృష్ణా డెల్టా అనుభవం, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చరిత్ర, కాలిబర్ వంటి ఉపకరణాలు తెలుగు లిపితో వ్యవహరించే తీరు ఇందులో పరిశీలనాంశాలు.

కీలక పదాలు: డిజిటల్ గ్రంథాలయం, సూచీకరణ, బ్యాకప్, కాలిబర్, ముద్రణ వివరం, బుడమేరు.

1. ప్రవేశిక

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయం వేదికగా ఆంధ్రదేశంలోని గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో జరిగిన ఆ సభ ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ స్థాపనకు దారితీసింది. 1930ల నాటికి ఈ ఉద్యమం పడవలపై పుస్తకాలను పేర్చి, కృష్ణా కాలువల వెంట పల్లెలకు చేర్చింది. పుస్తకం పాఠకుని చెంతకు చేరాలన్నది నాటి ధ్యేయం. నేడు పుస్తకం క్షణాల్లో చేరుతున్నది. చేరిన పుస్తకం నిలుస్తుందా అన్నది నేటి ప్రశ్న.

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వర్షాలకు బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం తదితర ప్రాంతాలను ముంచెత్తింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానదికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అనేక ఇళ్ల కింది అంతస్తులు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అటువంటి ఇంట్లో బల్లమీది కంప్యూటరూ, సొరుగులోని హార్డ్ డిస్కూ ఒకేసారి మునుగుతాయి.

నెలన్నర తిరగకముందే, అక్టోబరు 9న, ఇంటర్నెట్ ఆర్కైవ్ సైబర్ దాడికి గురైంది. ఆ వెబ్‌సైటు కొన్ని రోజులపాటు పూర్తిగా అందుబాటులో లేదు. తర్వాత చదువుకోవడానికి మాత్రమే వీలున్న స్థితిలో తిరిగి తెరుచుకుంది. ఈ రెండు సంఘటనలకూ పరస్పర సంబంధం లేదు. కాని "నా దగ్గర పోయినా వెబ్‌లో ఉంటుంది", "వెబ్‌లో పోయినా నా దగ్గర ఉంటుంది" అనే రెండు నమ్మకాలూ ఒకే రుతువులో ప్రశ్నార్థకమయ్యాయి.

2. లభ్యత వేరు, భద్రత వేరు

ఆచార్య రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేపట్టిన పది లక్షల పుస్తకాల ప్రణాళికలో భాగంగా, 2000 తర్వాతి సంవత్సరాల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపుదిద్దుకుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. అలభ్యమైన తెలుగు గ్రంథాలు, నిఘంటువులు, పరిష్కృత ప్రతులు ఎన్నో దీనివల్ల పరిశోధకులకు అందాయి.

తర్వాతి కాలంలో ఆ వెబ్‌సైటు సేవలు నిలిచిపోయాయి. కార్ల్ మలమూద్ నేతృత్వంలోని పబ్లిక్ రిసోర్స్ సంస్థ, ఇతర ఔత్సాహికులు ఆ గ్రంథాలను పెద్ద సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చడం వల్ల వాటిలో అధిక భాగం నేటికీ అందుతున్నది. అయితే పాత చిరునామాను మాత్రమే ఉటంకించిన సిద్ధాంత గ్రంథాల విషయం వేరు. అక్కడ పుస్తకం ఉన్నా దారి మూసుకుపోయింది. ముద్రణ వివరాలు రాసుకున్నవారు అదే ప్రతిని మరోచోట గుర్తించగలరు. లింకు మాత్రమే రాసుకున్నవారికి ఆ అవకాశం తక్కువ.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. ఒక పుస్తకం నేడు ఉచితంగా దొరకడం రేపటి భద్రతకు హామీ కాదు. ఒక ప్రతి నిలిచినా, దాని వివరం నిలవకపోతే ఆ ప్రతి పరిశోధనకు పూర్తిగా ఉపకరించదు.

3. నిర్మాణం: ఫైలు నుండి గ్రంథం వరకు

3.1 ప్రతి వివరం: స్కాన్ ప్రతిని దించుకున్న వెంటనే తెరిచి, ముఖపత్రం చూసి ఐదు అంశాలు నమోదు చేయాలి. అవి: రచయిత లేదా పరిష్కర్త, శీర్షిక, ప్రచురణకర్త - స్థలం, ముద్రణ సంఖ్య - సంవత్సరం, స్కాన్ ఎక్కడిది అన్న గుర్తింపు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతి ప్రతికీ ప్రత్యేక గుర్తింపు పదం ఉంటుంది. డిజిటల్ లైబ్రరీ నుండి చేరిన ప్రతులలో చాలావాటి గుర్తింపు "ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015" అన్న భాగంతో మొదలై ఒక సంఖ్యతో ముగుస్తుంది. ఆ సంఖ్యను యథాతథంగా రాసుకోవాలి. వెబ్‌లో కనిపించే శీర్షికను మాత్రం యథాతథంగా స్వీకరించకూడదు. ఆ శీర్షికలు రోమన్ లిపిలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క వర్ణక్రమంతో ఉంటాయి. కొన్నిచోట్ల తప్పుగానూ ఉంటాయి. ఒకే గ్రంథపు రెండు ముద్రణలు ఒకే పేరుతో కనిపించే సందర్భాలూ ఉన్నాయి. పాఠపరిష్కరణలో ఏ ముద్రణలోని పాఠమన్నదే ప్రధానం కనుక, ఈ జాగ్రత్త పాఠ విమర్శలో భాగమే.

3.2 ఫైలు పేరు: నేటి కంప్యూటర్లు తెలుగు లిపిలో ఫైలు పేర్లను అనుమతిస్తాయి. కాని ఒక సాంకేతిక పరిమితి ఉంది. లినక్స్ వ్యవస్థల్లో సాధారణంగా ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. యూనికోడ్‌ను భద్రపరచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. అక్షరమే కాక గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు అవసరం. కనుక తెలుగు పేరు సుమారు 85 సంకేతాలకే పరిమితమవుతుంది. విండోస్‌లో సజావుగా ఉన్న దీర్ఘ శీర్షిక, లినక్స్ ఆధారిత నిల్వ పరికరంలోకి నకలు చేసేటప్పుడు నిరాకరణకు గురికావచ్చు. అందుచేత ఫైలు పేరు క్లుప్తంగా ఉండాలి: రచయిత పేరు, చిన్న శీర్షిక, సంవత్సరం చాలు. మిగిలిన వివరాలకు సూచి ఉండాలి.

3.3 సూచి: ఈ పనికి కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అనువైనది. కోవిద్ గోయల్ 2006లో దీని రూపకల్పన ప్రారంభించారు. ఇది ప్రతి పుస్తకానికీ ఒక ఫోల్డరు ఏర్పరచి, అందులో పుస్తకంతో పాటు "మెటాడేటా.ఓపీఎఫ్" అనే వివరపత్రాన్ని ఉంచుతుంది. మొత్తం సూచిని "మెటాడేటా.డీబీ" అనే ఒకే ఫైలులో భద్రపరుస్తుంది. ఆ ఫైలు చెడిపోయినా, విడివిడి వివరపత్రాల ఆధారంగా సూచిని పునర్నిర్మించే సౌకర్యం ఇందులోనే ఉంది.

తెలుగు పరిశోధకులు దీనిలో గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది ఇంటిపేరు. పాశ్చాత్య పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుందన్న భావనతో కాలిబర్ చివరి పదాన్ని ముందుకు తెచ్చి అకారాదిలో అమరుస్తుంది. దానివల్ల "వేటూరి ప్రభాకరశాస్త్రి" పేరు "వ" కింద కాక "ప్ర" కింద చేరుతుంది. రచయిత పేరు అమరికకు సంబంధించిన నియమాన్ని "ఉన్నది ఉన్నట్లు" అన్న పద్ధతికి మార్చితే ఈ ఇబ్బంది తొలగుతుంది. పుస్తకాలు చేర్చకముందే ఈ మార్పు చేయడం మేలు. రెండవది లిపి. కాలిబర్ సూచిలో శీర్షిక తెలుగులోనే ఉంటుంది గాని, డిస్కుమీద ఫోల్డర్ల పేర్లను అది రోమన్ లిపిలోకి మార్చుతుంది. పీడీఎఫ్‌లను మాత్రమే ఏరి నకలు తీస్తే తెలుగు శీర్షికలు, ముద్రణ వివరాలు వెనుకే మిగిలిపోతాయి. ఎప్పుడూ మొత్తం ఫోల్డరునే నకలు తీయాలి.

ఉటంకింపుల కోసం జొటీరో వాడేవారికీ ఇదే నియమం. దాని సూచి ఒక ఫైలులో, గ్రంథాలు "స్టోరేజ్" ఫోల్డరులో ఉంటాయి. రెండింటినీ కలిపి నకలు తీయాలి.

3.4 అన్వేషణ: స్కాన్ ప్రతి అక్షరాల చిత్రం మాత్రమే. అందులో పదం వెదకాలంటే చిత్రం నుండి పాఠాన్ని వెలికితీయాలి. ఉచితంగా లభించే టెసరాక్ట్‌తో తెలుగులోనూ ఈ పని సాధ్యమే. పాత అచ్చులో పొల్లులు, వత్తులు, అరసున్నలు తరచుగా పొరపాటు పడతాయి కనుక, ఆ పాఠం వెదకడానికే తప్ప ఉటంకించడానికి పనికిరాదు. ఉటంకింపును పుట చిత్రంతో సరిచూసుకోవాలి. యూనికోడ్‌కు ముందు నాటి ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌లలో తెలుగు కనిపించినా, లోపలి సంకేతాలు తెలుగువి కావు. వాటిలో వెదికి "ఈ పదం లేదు" అని నిర్ధారించడం ప్రమాదకరం.

4. భద్రత: ఒకే ప్రమాదానికి లోనుకాని ప్రతులు

4.1 మూడు-రెండు-ఒకటి: అమెరికన్ ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రసిద్ధం. మొత్తం మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల నిల్వ సాధనాల మీద ఉండాలి. వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. దీనిలో "వేరే చోటు" అన్న మాటను కృష్ణా డెల్టాలో జాగ్రత్తగా నిర్వచించుకోవాలి. గన్నవరం విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరం. రెండు ఊళ్లూ వేరైనా, కొల్లేటి వైపు సాగే బుడమేరు పరీవాహకం రెండింటికీ చేరువే. మచిలీపట్నం ఇంకా దూరమే గాని, అది తీరం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టిన సంగతి ఈ ప్రాంతం మరువలేనిది. ఒకే వరద లేదా ఒకే తుపాను చేరగల రెండు చోట్లు, భద్రత దృష్ట్యా ఒకే చోటు. కనుక దూరపు ప్రతి మరో నదీ పరీవాహకంలో, తీరానికి దూరంగా ఉండటం యుక్తం.

దీనికి ఖర్చులేని మార్గం పరస్పర భద్రత. గన్నవరంలోని పరిశోధకుడు, అనంతపురంలోని పరిశోధకుడు చెరొక హార్డ్ డిస్కును మార్చుకుని, ఒకరి ప్రతిని ఒకరు భద్రపరచుకోవచ్చు. డిస్కుకు సంకేతపదం పెడితే వ్యక్తిగత రాతప్రతులకూ రక్షణ ఉంటుంది. ఆ సంకేతపదాన్ని డిస్కుతో కాక వేరుగా రాసి ఉంచుకోవాలి.

4.2 పరిమాణం: ఒక్కో స్కాన్ ప్రతి సగటున 20 మెగాబైట్లు అనుకుంటే 2,000 గ్రంథాలకు సుమారు 40 గిగాబైట్లు అవసరం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో ఇది ఇమడదు గాని, సాధారణ హార్డ్ డిస్కులో చిన్న భాగం మాత్రమే. సూచి, సిద్ధాంత గ్రంథపు చిత్తుప్రతి, నోట్సు కొద్ది మెగాబైట్లే కనుక వాటిని ఉచిత క్లౌడ్‌లో ప్రతిదినం ఉంచవచ్చు. గ్రంథాలను తిరిగి సేకరించవచ్చు. మూడేళ్ల నోట్సును తిరిగి సృష్టించలేం. భద్రతలో తొలి ప్రాధాన్యం నోట్సుకే.

4.3 సింక్ బ్యాకప్ కాదు: క్లౌడ్ సింక్ కంప్యూటరులోని మార్పును వెంటనే అన్ని చోట్లకూ చేరవేస్తుంది. పొరపాటున తొలగించిన ఫోల్డరు అక్కడా తొలగిపోతుంది. 2017 మేలో వ్యాపించిన వానాక్రై వంటి హానికర సాఫ్ట్‌వేర్ ఫైళ్లను చదవలేని విధంగా మార్చివేస్తుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడా నాడు దాని బారిన పడ్డాయి. సింక్‌లో ఉన్న ప్రతికి ఆ పాడైన రూపమే చేరుతుంది. ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచిన హార్డ్ డిస్కుకూ ఇదే ముప్పు. అందుచేత ఒక ప్రతి అయినా నకలు పూర్తికాగానే విడదీసి పక్కన పెట్టాలి. నకలు తీసేటప్పుడు కాలిబర్, జొటీరోలను మూసి ఉంచాలి; తెరిచి ఉన్న సూచి అసంపూర్ణంగా నకలు కావచ్చు.

4.4 పరీక్ష: నకలు తీయడంతో పని ముగియదు. ఎస్‌హెచ్‌ఏ-256 వంటి గణనపద్ధతి ప్రతి ఫైలుకూ 64 అంకెలు, అక్షరాల ముద్ర ఒకటి ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ ముద్ర మారుతుంది. ఏడాదికొకసారి ముద్రలను పోల్చిచూస్తే నిశ్శబ్దంగా చెడిన ఫైళ్లు బయటపడతాయి. ఇంతకంటే సులభమైన పరీక్ష మరొకటి ఉంది: దూరపు డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి, గ్రంథాలయాన్ని తెరిచి, పది గ్రంథాల చివరి పుటలు చూడటం. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నదని చెప్పలేం.

5. హక్కుల పరిమితి

భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. 1950లో మరణించిన వేటూరి ప్రభాకరశాస్త్రి రచనలపై హక్కు 2010తో ముగిసింది. గన్నవరానికి సమీపంలోని నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ 1976లో మరణించారు కనుక ఆయన రచనలపై హక్కు 2036 వరకు ఉంటుంది. పరిశోధన కోసం న్యాయమైన వినియోగానికి చట్టంలో అవకాశం ఉంది. సేకరణ మొత్తాన్ని అందరికీ పంచడానికి లేదు. సూచిలో "హక్కుల స్థితి" అన్న అంశాన్ని చేర్చుకుంటే ఏది పంచదగినదో ఏది కాదో స్పష్టమవుతుంది. హక్కు తీరిన అరుదైన గ్రంథాలను తెలుగు వికీసోర్స్ వంటి చోట్ల చేర్చడం వల్ల వాటి భద్రతా పెరుగుతుంది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• డిజిటల్ ప్రతి లభించడం భద్రపరచడానికి తొలి మెట్టు మాత్రమే.
• ముద్రణ వివరం, మూలం లేని ప్రతి పరిశోధనకు ఆధారం కాజాలదు.
• ఇంటిపేరు, లిపి, ఫైలు పేరు పొడవు విషయాల్లో ఉపకరణాలను తెలుగుకు అనువుగా సవరించుకోవాలి.
• ప్రతుల సంఖ్య కంటే, అవి ఒకే ప్రమాదానికి గురికాకుండా ఉండటం ముఖ్యం.
• వేర్వేరు ప్రాంతాల పరిశోధకుల మధ్య పరస్పర భద్రత ఆచరణీయమైన మార్గం.

కళాశాలల తెలుగు శాఖలు పరిశోధన ప్రవేశ దశలోనే ఈ పద్ధతిని బోధనాంశంగా చేర్చడం అవసరం. గ్రంథాలయోద్యమం ఊరూరా పుస్తకాన్ని నిలిపింది సమష్టి కృషితోనే. డిజిటల్ ప్రతులను నిలపడానికీ ఆ సమష్టితత్వమే శరణ్యం.