కొత్త ఫోన్, ఫ్రిజ్ కొంటున్నారా? ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి

ఇంట్లోకి కొత్త ఫోనో, ఫ్రిజ్జో కొందామని అనుకుంటే చాలు, సలహాలకు కొదవ ఉండదు. షోరూమ్‌లో ఒకటి చెప్తారు, బావమరిది ఇంకోటి అంటాడు, యూట్యూబ్‌లో మరొకటి చూపిస్తారు. చివరికి కిస్తీలు కట్టేది మాత్రం కొన్నవాళ్లే. అందుకే ఎవరు సలహా ఇచ్చినా రెండు విషయాలు చూసుకోవాలి. ఆ మనిషి స్వయంగా చూసింది ఎంత? మనం కొంటే ఆయనకు వచ్చేది ఏంటి?

షోరూమ్‌లో: పెద్ద షోరూమ్‌లలో పలకరించేవాళ్లలో చాలామంది కంపెనీలు పెట్టుకున్న ప్రమోటర్లే. తమ బ్రాండ్ అమ్మడమే వాళ్ల డ్యూటీ. ధర, ఆఫర్, ఏ పార్టుకు ఎన్నేళ్ల వారంటీ అనేవి వాళ్లను అడగొచ్చు. పక్క కంపెనీ సరుకు ఎలా ఉందని అడిగితే మాత్రం లాభం లేదు.

యూట్యూబ్‌లో: డబ్బులో, ఫ్రీగా వస్తువో తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. పైగా, ఫోన్ వచ్చిన వారానికే తీసిన వీడియోలో కెమెరా, స్క్రీన్ తెలుస్తాయి కానీ ఏడాది తర్వాత బ్యాటరీ ఎలా ఉంటుందో తెలియదు.

చుట్టాలు, దోస్తులు: వీళ్లకు కమీషన్ ఏమీ రాదు. కానీ వాళ్లు వాడింది ఒక్క పీసు. పైగా తాము కొన్నది బాగాలేదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. "బాగుందా?" అని కాకుండా "సర్వీస్‌కు ఎన్నిసార్లు పిలిచారు? ఎన్ని రోజులకు వచ్చారు?" అని అడగండి.

మెకానిక్: హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట రిపేర్ చేసేవాళ్లు రోజూ ఫోన్లు విప్పి చూస్తారు. అయితే ఎక్కువ అమ్ముడైన మోడలే వాళ్ల దగ్గరికి ఎక్కువగా వస్తుంది. కాబట్టి "ఏది ఎక్కువ పాడవుతుంది?" అనే ప్రశ్నకంటే "దీని డిస్‌ప్లే మార్చాలంటే ఎంత? పార్టులు దొరుకుతాయా?" అనేదే పనికొచ్చే ప్రశ్న.

లేబుల్: ఫ్రిజ్ మీద అతికించిన బీఈఈ లేబుల్‌లో స్టార్లతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఉంటుంది. సైజు, రకం బట్టి స్టార్లు ఇస్తారు కాబట్టి స్టార్లు ఒక్కటే చూస్తే సరిపోదు, యూనిట్లు కూడా పోల్చాలి. ఉదాహరణకు రెండు ఫ్రిజ్‌ల మధ్య తేడా 60 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఏడాదికి మిగిలేది 420 రూపాయలు. దానికోసం 4,200 రూపాయలు ఎక్కువ పెడితే, ఆ డబ్బు తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది.

చివరగా, షోరూమ్‌లో ఇచ్చిన హామీ ఏదైనా బిల్లు మీదే రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ మాట విలువ అక్కడే తెలిసిపోతుంది. కొన్నాక గొడవ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ కూడా చేతిలో ఉన్న ఆ బిల్లే అక్కరకొస్తుంది.